మే నెలలో హీటరు

"హీటరు పూర్తిగా వేడి వైపు లాగండి సార్," అన్నాడు మేస్త్రి.

రోహిణి కార్తె ఇంకా రాలేదు గానీ బెజవాడ దానికోసం ఆగే ఊరు కాదు. ఉదయం పదకొండింటికే ఆటోనగర్ రేకుల షెడ్డు కింద నిలబడితే నెత్తిన పెనం బోర్లించినట్టుంది. మాది నాన్న 1997లో కొన్న మారుతి 800. ఏలూరులో హీటరుతో ఎవరికి పని? నీలం నుంచి ఎరుపు దాకా గీసిన గీత వెంట జరగాల్సిన ఆ మీటను ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ ముట్టుకున్న గుర్తు లేదు. వేళ్ళకు లొంగలేదు. గుడ్డ చుట్టి లాగితే కిర్రుమని కదిలి ఎరుపు చివరికి వెళ్ళి ఆగింది. అక్కణ్ణుంచి వెనక్కి రానని మొరాయించింది.

"పర్లేదు, వెనక్కి ఇప్పుడు అక్కర్లేదు," అన్నాడాయన.

అంతకు వారం ముందు మా ఊళ్ళోనే ఒక షెడ్డులో రేడియేటరు కింది హోసు పైపు మార్పించాను. అరగంటలో పని అయిపోయింది. పాత నీళ్ళు వదిలారు, కొత్త పైపు బిగించారు, కూలెంటు మూతి దాకా పోసి మూత పెట్టారు. చకచకా చేశారని మురిసిపోయి, అడిగినదానికంటే ఇరవై రూపాయలు ఎక్కువిచ్చి వచ్చిన తెలివైనవాణ్ణి నేను. ఊళ్ళో తిరిగినన్నాళ్ళు ఏమీ లేదు, స్టార్ట్ చేయగానే డాష్‌బోర్డు వెనక ఎవరో హుక్కా పీల్చినట్టు గుడగుడ మనడం తప్ప. ఆ పూట బెజవాడలో పనుండి బయల్దేరితే హనుమాన్ జంక్షన్ దాటాక టెంపరేచరు ముల్లు పైకి లేచింది. కంగారుపడి పక్కకు తీసేలోపు దానంతటదే కిందికి పడింది. హమ్మయ్య అనుకుంటే మళ్ళీ లేచింది. గన్నవరం దగ్గరికొచ్చేసరికి బానెట్టు అంచుల్లోంచి ఆవిరి. ఇంత జరుగుతున్నా ముందు ఫ్యాను ఒక్కసారి కూడా తిరగలేదు. చెట్టు నీడ కనపడిన చోటల్లా ఆగుతూ, అరగంటలు అరగంటలు చల్లార్చుకుంటూ ఆటోనగర్ చేరాను.

జవహర్ ఆటోనగర్ 1960ల్లో మొదలైంది. ఆసియాలోకెల్లా పెద్ద ఆటోనగర్ ఇదేనని ఇక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. లోపల నాలుగు వీధులు నడిస్తే కాదనబుద్ధి కాదు. ఒక వీధి నిండా లారీ క్యాబిన్లకు చెక్కపని, ఇంకో వీధిలో కమాను పట్టీలు, మరోచోట ఇంజిన్ బోరింగు. రేడియేటర్లకు మాటు వేసేవాళ్ళు రేడియేటర్ని నీళ్ళ తొట్టిలో ముంచి గాలి కొట్టి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నారు, సైకిలు ట్యూబు పంచరు చూసినట్టే. నేను ఆగింది పాత పెట్రోలు కార్లు చూసే ఒక చిన్న షెడ్డు ముందు. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. అంబాసిడర్ల కింద పడుకుని పని నేర్చుకున్న తరం. తోడుగా పదహారేళ్ళ మేనల్లుడు.

ఆయన చేసిన మొదటి పని ఏమీ చేయకపోవడం. బానెట్టు ఎత్తి, చేత్తో దేన్నీ ముట్టుకోకుండా ఓసారి చూసి, కుర్చీ జరిపి కూర్చున్నాడు. మేనల్లుడు ఆత్రంగా రేడియేటరు మూత మీద గుడ్డ వేయబోతే, తన ఎడమ ముంజేతి మీద తెల్లగా ముడతలు పడిన మచ్చ చూపించాడు. అదీ ఇలాంటి మూత తెచ్చిపెట్టిందే. మూత మీద 0.9 అని ముద్ర ఉంటుంది. బయటి గాలి ఒత్తిడికి మించి ఇంకో 0.9 బార్ వరకు లోపల పట్టి ఉంచుతుందన్నమాట. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్ళు కూడా 118 డిగ్రీల దాకా మరగకుండా నీళ్ళలాగే ఉంటాయి. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోయి, ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా మరిగి మొహం మీదికి లేస్తాయి.

చల్లారేదాకా కబుర్లు.

"మీకు పొలం ఉందా సార్?"

"ఉండేది."

"మోటారు గాలి పట్టేస్తే ఏం చేసేవాళ్ళు?"

నాకు మా పెదనాన్న గుర్తొచ్చాడు. పంపు మీది బిరడా విప్పి బిందెతో నీళ్ళు పోసేవాడు. బుడబుడమంటూ గాలి వచ్చేది. ఇంకాస్త పోసేవాడు. బుడగ లేకుండా నీళ్ళు అంచు మీంచి పొర్లాకే బిరడా బిగించి స్విచ్చి వేసేవాడు. తొందరపడి ముందే వేస్తే మోటారు ఉత్తినే తిరిగేది, చుక్క వచ్చేది కాదు.

"ఇదీ ఆ పంపే," అన్నాడు మేస్త్రి. "కాకపోతే దీనికి బావి లేదు. తిరిగిన నీళ్ళే తిరుగుతాయి. గాలి కూడా తిరుగుతూనే ఉంటుంది, మనం దారి చూపిస్తే తప్ప బయటికి పోదు."

ఆ ఒక్క మాటతో ముల్లు ఆడిన నాటకమంతా అర్థమైంది. పంపు రెక్కల మధ్య గాలి చేరితే నీళ్ళు కదలవు. ఇంజిన్ హెడ్డులో గాలి నిలిచిన చోట లోహానికి నీళ్ళు తగలవు, అక్కడ ఆవిరి పుడుతుంది, ఆ ఆవిరి మిగిలిన నీళ్ళను ఇంకొంచెం తోసేస్తుంది. ముల్లుకు కబురందించే సెన్సారు నీళ్ళలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. దాని చుట్టూ గాలి చేరితే లోపల కొంప అంటుకుంటున్నా తాపీగా ఉంటుంది. ఫ్యాను స్విచ్చిదీ అదే తంతు. నా ఫ్యాను తిరగకపోవడానికి ఫ్యాను తప్పేమీ లేదు. డాష్‌బోర్డు వెనక గుడగుడ హీటరు గొట్టాల్లో నీళ్ళతో కలిసి దొర్లుతున్న గాలిది.

అంబాసిడర్‌కు ఈ బాధ దాదాపు లేదని ఆయన ముచ్చటగా చెప్పాడు. నిలువెత్తు రేడియేటరు, దాని మూతి ఇంజిన్ కంటే పైన. గాలి ఎలాగూ పైకే పోతుంది కాబట్టి దానంతటదే మూతికి చేరేది. తర్వాత తర్వాత బానెట్లు వంగాయి, రేడియేటర్లు కిందికి దిగాయి, గాలి దాక్కోవడానికి మెట్టలు ఏర్పడ్డాయి. అందుకే కొన్ని కార్లలో పైపుల మీద గాలి వదలడానికే ఒక చిన్న స్క్రూ పెట్టారు. పెద్ద సర్వీసు సెంటర్లలో ఇప్పుడు ముందు లోపలి గాలినంతా మిషనుతో లాగేసి, ఆ ఖాళీలోకే కూలెంటును పీల్పిస్తున్నారు. ఈ షెడ్డులో ఆ మిషను లేదు. ఉన్నది ఒక జాకీ, రెండు చెక్క దిమ్మెలు, ఒక కూల్‌డ్రింకు సీసా.

ఆ సీసా సంగతి చెప్పాలి. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా, అడుగు కోసేశారు. మూతి చుట్టూ సైకిలు ట్యూబు ముక్కను గట్టిగా, వరుసలు వరుసలుగా చుట్టారు. బండి చల్లారాక మేస్త్రి రేడియేటరు మూత తీసి, ఆ సీసాను తలకిందులుగా మూతిలోకి తిప్పుతూ దిగ్గొట్టాడు. చుక్క కారకుండా బిగిసింది. ఆలోగా మేనల్లుడు బండి ముక్కును జాకీతో లేపి చక్రాల కింద దిమ్మెలు పెట్టాడు. ఇక సీసాలో పోసే నీళ్ళ మట్టం బండిలోని ప్రతి గొట్టం కంటే పైన ఉంటుంది. ఎత్తు ఎక్కడుంటే గాలి అక్కడికి పోతుంది. మా బండికి ఆయన తయారుచేసిన ఎత్తు అది.

కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి సీసాలో సన్నని ధారగా పోశాడు. బోరు నీళ్ళు పోస్తే కాఫీ గిన్నె అడుగున పట్టినట్టు సున్నం పడుతుందట. గడ్డకట్టే చలి ఎరగని ఊళ్ళో ఈ పచ్చనీళ్ళు ఎందుకని అడిగాను. తుప్పు పట్టనివ్వదు, పైగా ఒత్తిడి లేకపోయినా సుమారు 107 డిగ్రీల దాకా మరగదు అన్నాడు. అంతకుముందు వదిలిన పాత కూలెంటును తొట్టిలో పట్టి మూతపెట్టి పక్కన పెట్టించాడు. తియ్యగా ఉంటుందని వీధికుక్కలు నాకుతాయి, నాకితే చస్తాయి. ఇది నాకు తెలియదు. మా ఊరి షెడ్డువాళ్ళు మురిక్కాలువలోకి వదిలేశారు.

బండి స్టార్ట్ చేయించి, యాక్సిలరేటరు ముట్టుకోవద్దన్నాడు. మొదట ఏమీ లేదు. తర్వాత సీసా అడుగునుంచి ఆవగింజంత బుడగలు. మేస్త్రి రేడియేటరు పై పైపును గుప్పిట పట్టి, ఆవు పొదుగు పితికినట్టు ఒక లయలో నొక్కడం మొదలెట్టాడు. నొక్కినప్పుడల్లా గోలీకాయంత బుడగ ఒకటి లేచి సీసాలో పగిలేది. నేనూ పట్టుకుని చూశాను. పైపు ఇంకా చల్లగానే ఉంది, లోపల ఏదో బోలుగా తగిలింది. వేడెక్కాకే నీళ్ళను రేడియేటరుకు వదిలే థర్మోస్టాట్ ఇంకా తెరుచుకోలేదన్నాడు. అరలోంచి పాతదొకటి తీసి చూపించాడు. అంచున 82 అని ఉంది, ఆ వేడికి తెరుచుకుంటుంది. పక్కన చిన్న చిల్లు, అందులో ఆడుతున్న మేకు. మూసి ఉన్నప్పుడు కూడా గాలి తప్పుకోవడానికి అదే సందు. మన ఎండలకు ఇదెందుకని పీకి పారేసేవాళ్ళున్నారు. అప్పుడు ఇంజిన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కక పెట్రోలు తాగుతుంది, కొన్ని బండ్లలో నీళ్ళు రేడియేటరుకు పోకుండా అడ్డదారిన తిరిగి ఇంకా ఎక్కువ కాగుతాయి కూడా.

పావుగంటకు నా గుప్పిట్లో పైపు ఉన్నట్టుండి వేడెక్కింది. అదే క్షణంలో సీసాలో నీళ్ళు గుటుక్కున జానెడు దిగిపోయి, వెంటనే పెద్ద బుడగ ఒకటి భళ్ళుమని లేచింది. మేనల్లుడు నవ్వాడు. ఆ ఒక్క బుడగే నన్ను హనుమాన్ జంక్షన్ నుంచి ఇక్కడిదాకా ఏడిపించిందనుకుంటాను. బండి లోపలికి తల పెడితే మొహం కాలేంత వేడిగాలి కొట్టింది. హీటరుకు నీళ్ళు అందాయన్నమాట.

ఇంకా అయిపోలేదు. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా కదలనన్నాడు. ఆయన కళ్ళు బుడగల మీదే ఉన్నాయి. పలచబడి ఆగిపోతే మంచిది. ఎంతసేపైనా ఆగకుండా వస్తుంటే అది పోసేటప్పుడు చిక్కిన గాలి కాదు, హెడ్ గాస్కెట్ పోయి సిలిండరులోంచి తోసుకొస్తున్న పొగ. సీసా మీదికి వంగి వాసన చూశాడు. ఇంజిన్ ఆపించి ఆయిల్ పుల్ల తీసి చూశాడు. పాలు పోసిన టీ రంగులో ఉంటే నా పని అయిపోయినట్టే. నల్లగానే ఉంది. అల్యూమినియం హెడ్డు, వంగకుండా బయటపడ్డావని బండిని తట్టాడు, నన్ను కాదు.

పాత మూత రబ్బరు పెళుసుబారిందని కొత్తది వేశాడు. మూతకు రెండు తలుపులు. వేడికి పొంగిన నీళ్ళను పక్క బాటిల్లోకి వదిలేది ఒకటి, చల్లారాక వాటిని వెనక్కి పీల్చుకునేది రెండోది. రబ్బరు పోయినా, పైపు క్లిప్పు వదులైనా, పీల్చుకునేది నీళ్ళను కాదు, గాలిని. మళ్ళీ మొదటికే.

మూతతో కలిపి అయిదు వందలు తీసుకున్నాడు. పని గంటన్నర, అందులో చేతులు కదిలింది పావుగంట. మా ఊళ్ళో అరగంటలో ముగించినవాళ్ళు నాకు ఎగ్గొట్టింది ఆ మిగతా సమయమే. దాన్ని బిల్లులో ఏమని రాస్తారు?

హీటరు మీట సంగతి అడిగితే, రేపటిదాకా అలాగే ఉండనివ్వమన్నాడు, ఇంకా ఏమైనా నలక గాలి ఉంటే అదీ వస్తుందని. ఏలూరు దాకా నాలుగు అద్దాలూ దించుకుని, కాళ్ళ మీద నిప్పుల కుంపటితో వచ్చాను. ముల్లు సగం దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది.

తెల్లారి స్టార్ట్ చేయకముందే బానెట్టు ఎత్తాను. పక్క బాటిల్లో మట్టం రెండు వేళ్ళు దిగింది. మిగిలిన కూలెంటు గ్లాసుడు పోసి తాళం తిప్పాను. డాష్‌బోర్డు వెనక చప్పుడు లేదు. మీట మాత్రం ఎరుపు చివరే ఉంది, గుడ్డ చుట్టి లాగినా రావడం లేదు.