మొదటి ముద్ద

మా పిల్లలు సర్కారు బడికి పోయేది చదువు కోసమేనని మేం అబద్ధం చెప్పం. అన్నం కోసం కూడా పోతారు. అబ్బా కిరాయి ఆటో, అమ్మీ బీడీల చాట. పొద్దున పొయ్యి వెలగని ఇళ్లు మా గల్లీలో చాలానే ఉన్నాయి.

ఒకరోజు అన్నంలో పురుగులొచ్చాయి. నలుగురు పిల్లలు వాంతులు చేసుకున్నారు. బుర్ఖాలు తొడుక్కొని ఐదుగురం బడికి పోయాం.

"ముఫ్త్‌ల పెడుతుంటే వంకలా? మీ ఇండ్లల్ల రోజూ బిర్యానీయేనా?" అన్నాడు పంతులు.

మమ్మల్ని చూడగానే అందరికీ బిర్యానీయే ఎందుకు గుర్తొస్తుందో! మాకది పెళ్లికో పండక్కో.

ముఫ్త్ కాదు, హక్కు. బళ్లో వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో బడిపొయ్యి వెలిగింది. 2013లో బీహార్‌లోని గండామన్‌లో 23 మంది పిల్లలు బడన్నం తిని చచ్చిపోయారు. నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. మన పత్తిచేలల్లో కొడుతూ వచ్చిన మందే. నూనె వాసన తేడాగా ఉందని వండినామె చెప్పినా వినలేదని పేపర్లు రాశాయి. వంటామె మాటకు విలువెక్కడిది? పిల్లలకంటే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రుచి చూడాలి, అందులో ఒకరు టీచరై ఉండాలి అని 2015 నిబంధనలు. మా పంతులు మాత్రం ఇంటినుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకుంటాడు.

ఆ కోపమంతా వంటామె మీద చూపించబోయాం. ఆమె కిరాణా కొట్టు ఖాతాబుక్కు మా ముందు పడేసింది. బియ్యం సర్కారువి. పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు ఆమె అప్పుకు తేవాలి. బిల్లులేమో నెలల తరబడి రావు. పప్పు నీళ్లెందుకయిందో, చవక నూనె ఎందుకొచ్చిందో ఆ పుస్తకంలోనే ఉంది.

తర్వాత ఒక మాట అన్నది. "నేను చేరిన కొత్తల మీ పిల్లల్ని ఇంటికి పిలుచుకుంటిరి. మాదిగామె వండితే తినరంటిరి. ఇయ్యాల అన్నం మంచిగలేదని వచ్చిండ్రా అమ్మా?"

మాకు నోట మాట రాలేదు. నిజమే మరి. ఒకే దస్తర్‌ఖాన్ మీద అందరం కూర్చుంటామని పదిమందిలో గొప్పగా చెప్పుకునే మేమే, పిల్లల చెయ్యి పట్టుకొని ఇంటికి లాక్కొచ్చాం. దూదేకుల ఇంట్లో పిల్లనడగని సయ్యదులు, పఠానులు మాలోనే ఉన్నారు. వంటపనిలో దళితులకు ముందు అవకాశం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు ఎందుకు చెప్పవలసి వచ్చిందో ఆమె కళ్లల్లో చూశాం. మమ్మల్ని దూరం పెట్టేవాళ్లమీద కాగితాలు కాగితాలు రాశాం గానీ, ఇది ఎక్కడా రాసుకోలేదు.

ఇప్పుడు వంతులేసుకొని రోజూ ఇద్దరం పోతున్నాం. బియ్యం జల్లెడ పడతాం, నూనె డబ్బా మూత తీసి వాసన చూస్తాం. అన్నం దిగాక అక్కా మేమూ ఒకే పళ్లెంలో మొదటి ముద్ద తింటాం. నిన్న పప్పులో ఉప్పెక్కువైంది. మా ముచ్చట్లవల్లే అయిందని అక్క మమ్మల్నే తిట్టింది.

పంతులు డబ్బా ఇంకా ఇంటినుంచే వస్తోంది.