కారు దించాను... అమ్మ ఎక్కనంది!

సినిమాలు చూసి జుట్టు పెంచినవాళ్ళున్నారు, బెల్‌బాటం ప్యాంట్లు కుట్టించుకున్నవాళ్ళున్నారు. నేను మాత్రం సినిమా చూసి కారు ఎత్తు తగ్గించాను! నవ్వకండి. ఆ సరదా ఖరీదు మా అమ్మ నడుము చెల్లించింది.

మాది గద్వాల. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు ఉండే చీరల ఊరు. అమ్మ ముప్ఫై ఏళ్ళు గుంట మగ్గంలో కూచుని నేసిన మనిషి. ఆ నడుము సంగతి మీరే ఊహించుకోవచ్చు.

2005లో నా దగ్గర ఒక పాత మారుతీ ఎస్టీమ్ ఉండేది. బంగారంలాంటి బండి. కానీ అంతకుముందే నేను రెండు సినిమాలు చూసి పాడైపోయాను. ఒకటి 2001లో వచ్చిన ఇంగ్లీషు సినిమా 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్'. రెండోది 2004 నాటి హిందీ 'టార్జాన్ - ది వండర్ కార్'. అందులో కారు డిజైనర్ దిలీప్ ఛాబ్రియా పనితనం. అబ్బ, ఏం కార్లండీ అవి! నేలకి పొట్ట ఆనించి పాకే ఉడుముల్లా ఉంటాయి. బయటికొచ్చి నా కారు వంక చూసుకున్నాను. చక్రానికీ పైన రేకుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు! పంచె ఎగగట్టి బురద దాటుతున్న పెద్దమనిషిలా కనిపించింది పాపం.

ఒక విషయం అప్పుడు నాకు తట్టలేదు. పాత సినిమాల్లో హీరో హీరోయిన్లు కారులో పాడుకుంటూ వెళ్తుంటే కారు స్టూడియోలోనే ఉండేది. వెనక తెర మీద రోడ్డు పరుగెత్తేది. కుదుపు కావాలంటే పక్కన నిలబడ్డ కుర్రాళ్ళు బండిని చేత్తో ఊపేవాళ్ళు. ఇప్పుడు నిజం రోడ్డు మీదే తీస్తున్నారు, కాదనను. అయితే కెమెరాని నేలబారున పెడతారు, స్పీడ్ బ్రేకరు వచ్చేలోపు షాటు మారిపోతుంది. గద్వాల రోడ్డు మీద మనకి 'కట్' చెప్పేవాడెవడు?

సరే, ఒక షెడ్డుకి వెళ్ళాను. ఊరూ పేరూ ఎందుకులెండి. "కొత్త స్ప్రింగులు దండగన్నా, ఉన్నవే కోసేద్దాం" అన్నాడు అక్కడి మేస్త్రీ. ముందు స్ప్రింగులు రెండేసి చుట్లు, వెనకవి ఒక్కో చుట్టు కోసేశాడు. సాయంత్రానికి కారు రెండంగుళాలు దిగింది. ఇంటికెళ్ళాక తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి తిరిగి చూసుకున్నాను. మూడుసార్లు చూసుకున్నాను, చెప్పొద్దూ!

వారం తిరక్కుండానే అమ్మని నడుము నొప్పికి కర్నూలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఎర్రవల్లి చౌరస్తా దాకా ఊళ్ళ రోడ్డు, అక్కడినుంచి హైవే. మొదటి గుంటలోనే కింద ఏదో 'ధడేల్' మంది. తరవాత కారు ముందుకీ వెనక్కీ గంగిరెద్దులా తల ఊపడం మొదలెట్టింది. అద్దంలో చూశాను. అమ్మ రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఒక్క మాట అనలేదు. కర్నూల్లో దిగేటప్పుడు మాత్రం వంగిన నడుము వంగినట్టే ఉండిపోయింది. పట్టుకుని లేపాను.

డాక్టరు చూశాక అంది: "నాయనా, నేను బస్సులో వస్త."

ఎంత బతిమాలినా వినలేదు. ఆర్టీసీ బస్సు కిటికీలో అమ్మ, దాని వెనకే ఖాళీ కారులో నేను! సినిమాలో అయితే ఇక్కడ విషాద గీతం పెట్టేవాళ్ళు.

అప్పుడు పట్టింది నాకు జ్ఞానపిచ్చి. దొరికిన పుస్తకమల్లా చదివాను. చివరికి హైదరాబాదులో ఒక పెద్దాయన, చేతులు గ్రీజులో పుట్టిన మనిషి, నన్ను కారు కింద పడుకోబెట్టి చూపించాడు. "స్ప్రింగు చుట్లు తగ్గినకొద్దీ బిగుసుకుంటుంది బాబూ. ఎనిమిది చుట్లు ఆరైతే మూడో వంతు బిగువు పెరిగినట్టే. అది చిన్న పాపం. పెద్ద పాపం ఇదిగో" అని ఒక నల్ల రబ్బరు దిమ్మ చూపించాడు. చక్రం గుంటలో పడి పైకి లేచినప్పుడు ఇనుముకి ఇనుము కొట్టుకోకుండా చివర్లో అడ్డుండేది అదే. చక్రం పైకి లేవడానికి మూడంగుళాల జాగా ఉందనుకోండి. మీరు కారుని రెండంగుళాలు దించితే మిగిలేది ఒక్కటే. వెనక సీట్లో ఇద్దరు కూచుంటే అదీ పోతుంది. ఇక మీరు స్ప్రింగు మీద లేరు, రబ్బరు దిమ్మ మీద కూచున్నారు. మా అమ్మ అరవై కిలోమీటర్లు ప్రయాణం చేసింది దాని మీదే!

మరి గంగిరెద్దు ఊపు? దానికీ లెక్కుంది. 1930లలో అమెరికాలో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలే అనే ఇంజనీరు తేల్చిన సూత్రమది. గుంట ముందు చక్రాలకి ముందు తగులుతుంది, వెనక చక్రాలకి క్షణం ఆగి తగులుతుంది. అందుకని ముందు భాగం కాస్త నెమ్మదిగా, వెనక భాగం కాస్త త్వరగా ఊగేట్టు స్ప్రింగులుంటే రెండు ఊపులూ కలిసిపోయి కారు సమంగా సర్దుకుంటుంది. మా మేస్త్రీ సరిగ్గా తిరగేసి, ముందు స్ప్రింగుల్ని ఎక్కువ కోసి బిగించాడు.

ఈ సంగతి ఇంట్లో చెబితే అమ్మ నవ్వింది. "పడుగు మరీ బిగిస్తే పోగు తెగుతది, వదులైతే నేత పోతది. ఇది తెలుసుకునేందుకు హైదరాబాదు దాకా పోయినవా?"

కారు కిందికుంటే సుఖం ఉండదనుకోకండి. ఫ్రాన్సులో 1955లో వచ్చిన సిట్రోయెన్ డి.ఎస్. కారుకి ఇనప స్ప్రింగులే లేవు. వాటి బదులు నూనె, గ్యాసు నింపిన గుండ్లు. ఎందరెక్కినా అదే ఎత్తు, రోడ్డు బాగాలేకపోతే ఒక మీట తిప్పి పైకెత్తుకోవచ్చు. 1962 ఆగస్టులో ప్యారిస్ శివార్లలో ప్రెసిడెంట్ డిగాల్ మీద తుపాకులు పేల్చినప్పుడు టైర్లు చిల్లులు పడ్డా ఆయన్ని దాటించిన కారు అదే. 1973లో వచ్చిన 'ది డే ఆఫ్ ది జాకాల్' సినిమా మొదట్లో మీరు చూసే ఉంటారు. కానీ అంత యంత్రం మనకెక్కడిది?

నేను ఎంచుకున్నది చాలా తక్కువ. దింపింది ఒక్క అంగుళమే. కోసినవి పారేసి, ఆ ఎత్తుకే చేసిన స్ప్రింగులు నాలుగూ ఒకే సెట్టుగా వేయించాను. వాటికి సరిపోయే పొట్టి షాక్ అబ్సార్బర్లు కూడా కొన్నాను. అవి లేకపోతే బిగువు స్ప్రింగు బంతిలా ఎగురుతూనే ఉంటుంది. రబ్బరు దిమ్మలు మెత్తనివి, పొట్టివి. పెద్ద చక్రాలు వెయ్యమని స్నేహితులు పోరారు. వినలేదు. 175/70 టైరుకి పక్క గోడ ఎత్తు 122 మిల్లీమీటర్లు, 195/50 అయితే 97. ఆ తేడా అంతా ఉచితంగా వచ్చే మెత్తదనం. ఎత్తు కొలిచింది కూడా ఖాళీ కారులో కాదు, వెనక అమ్మనీ చెల్లెల్నీ కూచోబెట్టి.

ఫోటోల్లో చూస్తే తేడా పెద్దగా తెలియదు. స్నేహితులు "ఇంతకీ దించావా లేదా?" అన్నారు. మళ్ళీ కర్నూలు వెళ్ళాం. అమ్మ మొదట్లో ముందు సీటు పట్టుకునే కూచుంది. ఎర్రవల్లి దాటాక చెయ్యి వదిలింది. అలంపూర్ చౌరస్తా దగ్గర అద్దంలో చూద్దును కదా, తల పక్కకి వాలిపోయి ఉంది. తుంగభద్ర వంతెన మీద లేపాల్సి వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా మేనల్లుడు కొత్త కారు తెచ్చి, "మామా, ఇది కూడా దించుదాం" అన్నాడు. ఫోనులో ఏవో బొమ్మలు చూపించాడు. వేలు దూరని సందులే! "ముందు ఆర్టీవో ఆఫీసులో అడుగు" అన్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేట్టు బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. తరవాత స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం వాటి వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. అలాంటిదాని మీద కాస్త కిందికున్న కారు కూడా నావలా దాటుతుంది. మన వీధుల్లో జనం తామే పోసుకునేవో? గోడని పడుకోబెట్టినట్టుంటాయి!

వాడు ఊరుకోలేదు. టేపు తెచ్చాడు. అమ్మ అరుగు మీంచి దిగి, ఎవరూ అడక్కుండానే వెనక తలుపు తీసుకుని కూచుంది.

"అవ్వా, నువ్వెందుకు?" అన్నాడు వాడు.

"నేను కూచున్నంక కొలువు" అంది.

వాడు చక్రం పక్కన గొంతుక్కూచుని కొలుస్తున్నాడు. రాసుకున్నాడు, కొట్టేశాడు, మళ్ళీ కొలిచాడు. లోపల్నించి అమ్మ కేకేసింది: "ఏసీ అన్న వెయ్‌రా, ఉడికిపోతున్న!"