జాతర ఎలా ఉన్నది?

పిల్లలూ! జాతర చూసి వచ్చినవాళ్లను "ఎలా ఉన్నది?" అని ఎప్పుడైనా అడిగి చూశారా? పదిమందిని అడిగితే పది రకాల జవాబులు వస్తాయి. నేను 30 ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేశాను. ఏటేటా ఈ జవాబులు వినడం నాకు ఒక సరదా.

మాది విజయనగరం. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారంనాడు మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం జరుగుతుంది. ముందురోజు సోమవారాన్ని తొలేళ్లు అంటారు. ఆ రెండురోజులూ మా ఊళ్లో చుట్టాలు లేని ఇల్లు ఉండదు. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగినప్పుడు మా ఊరి ప్రభువు పూసపాటి విజయరామరాజు చనిపోయాడు. పైడితల్లి ఆయన చెల్లెలనీ, అన్న పోయిన వార్త విని ప్రాణాలు విడిచి దేవత అయినదనీ, పెద్దచెరువులో విగ్రహంగా దొరికినదనీ మా పెద్దవాళ్లు చెబుతారు.

సిరిమాను అంటే 50 అడుగులకు పైగా పొడుగుండే చింతమాను. దానిని బండిమీద అమర్చి, సన్నని కొసకు ఒక ఆసనం బిగిస్తారు. పూజారి ఆ ఆసనంలో కూర్చుంటే, మాను ఆయనను మేడలకంటె ఎత్తుకు లేపుతుంది. మూడు లాంతర్ల దగ్గర ఉన్న చదురుగుడికీ కోటకూ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. దానితోపాటు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల సాగుతాయి. జనం పూజారి మీదికి అరటిపళ్లు విసురుతారు.

అంత ఎత్తున మనిషి ఎలా నిలుస్తాడు? మీరు పొలాల్లో ఏతం చూసివుంటే ఇది సులువుగా తెలుస్తుంది. రెండూ తులాదండాలే. మాను ఆనుకుని ఊగేచోటును ఆధారం అంటారు. ఆధారానికి ఒకవైపు 10 అడుగులు, మరొకవైపు 40 అడుగులు ఉన్నవనుకోండి. మొదలు 1 అడుగు దిగితే కొస 4 అడుగులు లేస్తుంది. అయితే ఆ లాభం ఊరికే రాదు. కొసన 60 కిలోల మనిషి కూర్చుంటే, ఆయనను తూచడానికి మొదటివైపు 240 కిలోల బరువు పడాలి. మాను బరువు సంగతి ఇందులో లెక్క వెయ్యలేదు. మాను మొదలు లావుగా, కొస సన్నగా ఉండడం ఇక్కడ ఎంతో ఉపకారం చేస్తుంది.

ఇక చూసినవాళ్ల మాటలు వినండి. ఒక ఏడు మా ఇంటికి హైదరాబాదునుంచి చుట్టాలు వచ్చారు. ఇంటాయన, "ఏముంది మాస్టారూ! దుమ్ము, మైకుల మోత, తోపులాట. ఇంకోసారి రమ్మంటే రాను" అన్నారు. ఆయన తల్లి మాత్రం చేతులు జోడించి, "నా జన్మ తరించింది నాయనా! వచ్చే ఏడు కూడా నన్ను తీసుకురా" అన్నది. తల్లీకొడుకులు ఒకే అరుగుమీద నిలబడి ఒకే ఉత్సవాన్ని చూశారు. కొడుకు వేడుక చూడాలని వచ్చాడు. తల్లి మొక్కు తీర్చుకోవాలని వచ్చింది.

ఉత్సవం అయిన వారంలో నేను బడిలో దానిమీద వ్యాసం రాయించేవాణ్ణి. చాలామంది, "మా ఊరి జాతర మిక్కిలి వైభవముగా జరిగినది" అని మొదలుపెట్టి, ఒకరిని చూసి ఒకరు రాసినట్టే రాసేవారు. ఒక ఏడు ఆరో తరగతి కుర్రవాడు ఒకడు మూడే వాక్యాలు రాశాడు: "నేను జాతరకు వెళ్లాను. నాకు వీపులు కనిపించాయి. సిరిమాను ఎప్పుడు వెళ్లిందో తెలియలేదు." తరగతిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పొట్టివాడు చూసిన జాతర నిజంగా అదే కదా! మరుసటి ఏడు సిరిమాను వెళ్లే దారిలో ఉన్న ఒక విద్యార్థి తండ్రిని అడిగాము. ఆయన సంతోషంగా తమ మేడమీద చోటిచ్చారు. చిన్న తరగతుల పిల్లలను పిట్టగోడ దగ్గరికి పోనివ్వకుండా వెనుకగా కూర్చోబెట్టి, సిరిమాను చూపించాము. ఆ మూడు వాక్యాలే లేకపోతే ఈ ఏర్పాటు జరిగేదా?

మరొక పిల్ల తండ్రి జాతరలో బూరలు అమ్ముకునేవాడు. "మా నాన్న సిరిమానును చూడలేదు. ఆ సమయంలోనే బేరాలు ఎక్కువ. ఆ డబ్బుతో నాకు చెప్పులు కొన్నారు" అని రాసింది. ఈ మాటలు చదివాక, జాతర అంతా వృథా ఖర్చు అనేవారికి నేను తొందరపడి తల ఊపలేకపోయాను. అలాగే, జాతర మర్నాడు తెల్లవారకముందే వీధులు ఊడ్చేవారిని చూశాక, అంతా వైభవమే అని కూడా అనలేకపోయాను. ఒకరు విసిరిన అరటిపండు మరొకరి చీపురుకు పని.

జాతరను విమర్శించేవాళ్లంటే కొందరికి కోపం వస్తుంది. కాని ఒక పాత సంగతి వినండి. పూర్వం దక్షిణదేశపు జాతరలలో కొన్నిచోట్ల "సిడి" అనే మొక్కు ఉండేది. మనిషి వీపు చర్మానికి ఇనుప కొక్కేలు గుచ్చి, పొడుగాటి దూలానికి వేలాడదీసి తిప్పేవారు. ఇది తగదని 19వ శతాబ్దంలో ఎందరో వాదించారు. ఆచారం కాబట్టి ఉండవలసిందేనని మరికొందరు అన్నారు. చివరకు చాలాచోట్ల కొక్కేలు పోయాయి. జాతరలు మాత్రం పోలేదు. బాగాలేదన్నవారి మాట విన్నందువల్ల జాతరకు నష్టమేమీ రాలేదు, మనుషులకు మేలు జరిగింది.

కాబట్టి ఎవరైనా "బాగున్నది" అన్నా, "బాగాలేదు" అన్నా అక్కడితో ఊరుకోకండి. మీరు ఎక్కడ నిలబడి చూశారు? దేనికోసం వచ్చారు? ఏది మారితే మళ్లీ వస్తారు? అని మూడు ప్రశ్నలు అడగండి. మోత నచ్చలేదంటే అది వారి ఇష్టం కావచ్చు. తాగడానికి నీళ్లు దొరకలేదనో, పిల్లవాడు తప్పిపోయాడనో అంటే మాత్రం అది ఊరంతా సరిదిద్దవలసిన లోపం.

మీ ఊళ్లో తీర్థమో, తిరునాళ్లో, ఉరుసో జరిగినప్పుడు నలుగురిని అడిగి వారి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. మొక్కు తీర్చుకున్నవారిని ఒకరిని, దుకాణం పెట్టినవారిని ఒకరిని, వీధులు ఊడ్చినవారిని ఒకరిని అడగండి. నాలుగోవారు మీకంటె పొట్టివారై ఉండాలి, సుమా!