చెవిలోని కథ, చేతిలోని పుస్తకము

పల్నాటి బడులలో పిల్లలకు చదువుట నేర్పు పనియందు గ్రంథాలయములకు గల పాలెంతో చూచి వ్రాయుమని సంపాదకులు కోరగా, నరసరావుపేటలో బస్సెక్కి, పిడుగురాళ్ల సున్నపుబట్టీల తెల్లని దుమ్మును దాటి, గురజాల కావలనున్న యొక గ్రామపు ఉన్నత పాఠశాలకు పోయితిని. ప్రధానోపాధ్యాయులు కంప్యూటర్ గదిని, క్రొత్త రంగులు పూసిన గోడలను చూపబూనిరి గాని, నా కాళ్లు మెట్ల క్రింది చిన్న గది కడనే నిలిచిపోయినవి. అందొక తెలుగు పండితురాలు నేలపై కూర్చుండి, మైదాపిండి ఉడికించిన లైతో, ఊడిపోయిన పుస్తకపు వెన్నునకు గుడ్డపీలిక నంటించుచుండిరి. ఆమె గ్రంథపాలకురాలు కారు. ఆ యుద్యోగమే ఆ బడిలో లేదు.

లై యారకముందే ఆరవ తరగతి బాలుడొకడు వచ్చి, తీసికొనిపోయిన నీతికథల పుస్తకమును విప్పి, అక్షరము క్రింద వ్రేలుంచి, వత్తు తగిలిన చోటెల్ల ఆగి, ఆమె మొగమువంక చూచుచుండెను. ఆమె దిద్దలేదు, కసరలేదు; దానిని మెల్లగా ప్రక్కనుంచి, పల్నాటి యుద్ధమును పిల్లలకై తేటవచనమున చెప్పిన పలుచని పుస్తకమొకటి తీసి, "ఇది చూడు నాన్నా, కారంపూడి తిరునాళ్లలో విన్నావుగా" అనిరి. కోడిపందెముకడ తడబడుచు మొదలైన చదువు, నాగమ్మను, బ్రహ్మనాయుని దాటి, బాలచంద్రుని పేరు కనబడగానే పరుగందుకొన్నది. కార్తికమున వీరుల గుడి యెదుట విన్న కథ చెవిలో మెదలుచుండుటచే, "యుద్ధం" అను మాటను కన్ను కూడదీసికొనకమునుపే నోరు పలికెను. పలికిన పిమ్మట వ్రేలు వెనుకకు పోయి, ఆ వత్తు ఇట్లుండునా యని తడవి చూచెను. చదువు నేర్పుట యననేమో శిక్షణ గ్రంథములకంటె ఆ వెనుకకు మరలిన వ్రేలే నా కెక్కువ తెలిపినది.

ప్రతి పాఠకునికి వాని పుస్తకము దక్కవలెనని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే సూత్రము చేసిరి. అయితే ఆ దక్కుట దానంతటదియే జరుగునది కాదు, బీరువా నెరిగి పిల్లవాని నెరిగిన మనిషి యొకరు నడుమ నుండవలెను. బడి గ్రంథాలయమునకు తర్ఫీదు పొందిన గ్రంథపాలకుడు కావలెనని 1952–53 నాటి మొదలియార్ మాధ్యమిక విద్యా సంఘమును చెప్పినది. నవోదయ విద్యాలయములకు ఆ కొలువు కలదు. పల్లె బడికి మాత్రము సమగ్ర శిక్ష పథకము క్రింద, స్థాయినిబట్టి 5,000 మొదలు 20,000 రూపాయల వరకు ఏటా పుస్తకములకు సొమ్ము ఏర్పాటు చేసి, వానిని పిల్లల చేతికందించు వారిని గూర్చి ఏలినవారు మరచిపోయిరి. ఎవరికే పుస్తకము పనికివచ్చునో యెరుగని కట్టలు వచ్చి బీరువాలో కూలబడును. "పుస్తకం పోతే రిజిస్టరు పట్టుకుని నన్నడుగుతారండీ, పిల్లాడికి చదవటం వచ్చిందా అని మాత్రం ఎవరూ అడగరు" అని ఆమె లై గిన్నె కడుగుచు అనిరి. ఆ కోపము నాకును పట్టుకొన్నది.

ఏలయన ఇది గ్రంథాలయమన్న నెరుగని సీమ కాదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారు బెజవాడలో గ్రంథాలయ సంఘమును నెలకొల్పిన పిదప, 2022 వరకు పల్నాడు కలిసియుండిన గుంటూరు జిల్లాలోనే, పాతూరి నాగభూషణముగారు కాలువ పడవపై పుస్తకములు పెట్టి ఊరూర త్రిప్పించిరి. చదువరి కడకు పుస్తకమే నడచిపోవలెనని ఆ పెద్దలు తలంచిరి. మనమో, ఊరి బడిలో పది యడుగుల దూరమున నున్న పిల్లవానికి బీరువా తలుపు తెరచు మనిషిని పెట్టలేకున్నాము.

మిరపకోతలు మొదలైన నెలలలో పిల్లలు తల్లిదండ్రుల వెంట చేలకు పోవుదురట. పదవ తరగతి ప్రత్యేక తరగతులు రాగానే ఆ చిన్న గదియు మూతపడునట. రాబోవు బదిలీలలో తన పేరున్నదని ఆమె చెప్పగా, తాళపుచెవి యెవరి కప్పగింతురని అడిగితిని.

"హెడ్మాస్టరు గారి బల్ల సొరుగులో పెట్టమంటారండీ. అక్కడే భద్రం అంటారు."