ముక్కుపుడక

గోదావరి తీరమున నొక పల్లెలో వృద్ధుడగు వడ్రంగి యొకడు కలడు. ఏబదియేండ్లు తలుపులు, కిటికీలు, మంచములు చేసిన చేతు లతనివి. తల్లి గతించి చాలకాలమైనది. ఆమె రూపమునకు మిగిలిన గుర్తు ఒక్క ఛాయాచిత్రమే. అదియు అగ్గిపెట్టె కంటె పెద్దది కాదు; తేమ తగిలి అంచులు పసుపెక్కినవి. అది పూర్తిగా చెరిగిపోకమున్నే తల్లి ముఖమును చెక్కలో నిలుపవలెనని యతని కోరిక.

అతనికడ మోటారుతో నడచు సన్నరంపము కలదు. దాని బద్ద పొడవు అయిదంగుళములు. వెడల్పు మాత్రము మిక్కిలి తక్కువ. ప్లైవుడ్ పలకకు చిల్లుపెట్టి, బద్దను అందు దూర్చి, రెండు కొనలను బిగించి, గీత వెంబడి పలకను త్రిప్పినచో లోపలి ముక్క ఊడిపడును. వెనుక నల్లగుడ్డ నంటించిన యెడల కోసినచోటు నీడగను, మిగిలినచోటు వెలుగుగను కనబడును. యంత్రము సిద్ధముగా నున్నది, చేతికి నేర్పును కలదు. కాని గీత యేది? ఛాయాచిత్రమున నలుపునకును తెలుపునకును నడుమ లెక్కలేనన్ని బూడిదవన్నె లుండును. రంపమునకు బూడిదవన్నె తెలియదు. కోయుటయో, విడుచుటయో, రెండే!

ఇంటరు చదువుచున్న మనుమరాలు ఆ భారమును తనపై వేసికొన్నది. 1996లో వెలువడి నేటికిని ఉచితముగా లభించు ‘గింప్’ అను సాఫ్ట్‌వేరులో ఆ చిత్రమును పెద్దది చేసి, రంగు తీసివేసి, మరకలు అణగునట్లు కొంచెము మసకపరచినది. కంప్యూటరు ప్రతి చుక్క వెలుగును 0 మొదలు 255 వరకు అంకెతో లెక్కించును. హద్దుగా నొక అంకె నిచ్చినచో, దానికి పైబడిన చుక్కలు తెలుపగును, తక్కువవి నలుపగును. 128 ఇచ్చినప్పుడు ఎడమ చెక్కిలి అంతయు చీకటిలో మునిగెను. 100కు దించగా చెక్కిలి తేలెను గాని పెదవులు మాయమయ్యెను. ముఖమంతటికి ఒక్క అంకె చాలదని గ్రహించి, ఆమె కన్నులకు వేరు, నోటికి వేరు హద్దు నిర్ణయించి, తరువాత అన్నిటిని కూర్చినది.

అసలు చిక్కు అప్పుడు తలయెత్తెను. నలుపు నడుమ ఒంటరియైన తెలుపు పలకలో నిలువదు. చుట్టును కోయగనే రాలిపడును. తోలుబొమ్మలకు చిల్లులు పొడుచు నిమ్మలకుంట కళాకారులకును ఈ నియమము తప్పదు. ఇట్టి ద్వీపములను పట్టుకొనుటకు ఆ పిల్ల చక్కని యుపాయము పన్నినది: చిత్రపు చట్టమునుండి తెలుపులోనికి ఎఱ్ఱరంగు పోసినది. మడిలో నీరు పారినట్లు రంగు వ్యాపించెను. అది చేరని తెలుపంతయు ద్వీపమే. కనుపాపలోని మెరుపును రెప్పకు కలిపినది. జుట్టు నడుమ రెండు పాయలు విడిచి ముఖమును చట్టముతో ముడివేసినది. ముక్కు నీడలో ఒక్క చుక్క మిగిలెను.

“తాతా, ఈ పుడక నిలువదు. తీసివేయుదునా?”

ముసలివాడు చాలసేపు తెరవంక చూచెను. “తల్లీ, మా అమ్మ ఒంటిమీద బంగారమన్నది అదొక్కటే. అది లేకున్న ఈ బొమ్మ ఇంకెవరి అమ్మయో!”

ఆమె చుక్కనుండి చెక్కిలివరకు తిన్నని వంతెన గీసినది. అది ముఖముపై గాయపు మచ్చవలె నుండెను. అప్పుడతడు పెన్సిలు తీసి, ముక్కుపుట మలుపు వెంబడి, వెలుగు సహజముగా జారుచోట, ఒక వంపు గీసి చూపెను. వెడల్పు రెండు మిల్లీమీటర్లే. పలక పైపొర చార ఆ వంపు దిక్కుననే సాగునట్లు కాగితము నంటింపవలెననియు చెప్పెను. ఈ సంగతి ఏ సాఫ్ట్‌వేరు చెప్పును?

మొదటి పలక చెడెను. తొందరలో జుట్టు భాగమును ముందుగా కోయుటచే పలక బలము తగ్గి, రంపపు అదురునకు వంతెన విరిగెను. ఎవరిని నిందించును? తప్పు తనదే. రెండవ పలకలో ముందు పుడక చుట్టు, పిదప కన్నులు, పెదవులు, చివరకు జుట్టు కోసెను.

నల్లగుడ్డ అంటించిన పిమ్మట చెల్లెలికి కబురంపెను. ఆమెకు చూపు తగ్గినది. పలకను చేతికీయగా తడిమి, “అన్నయ్యా, అన్నియు చిల్లులే గదా!” అనెను. అతడు మాటాడక పలకను గోడకానించి, ఆమెను గడపవద్దకు తీసికొనిపోయి వెనుకకు త్రిప్పెను. ఆమె చేయి తనంతట తానే ముక్కుమీదికి పోయెను.