ఎగరకుండానే వెనక్కొచ్చిన విమానం

పుణెలో మా అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయని అల్లుడు ఫోన్ చేస్తే, ఉన్నపళంగా శంషాబాద్ వెళ్ళి విమానం ఎక్కాను. తలుపులు వేశారు, కదిలింది. రన్‌వే దాకా వెళ్ళకుండానే ఆగింది. ఇంజిన్‌కు సంబంధించి ఏదో హెచ్చరిక వచ్చిందనీ, వెనక్కి వెళ్తున్నామనీ కెప్టెన్ మైకులో చెప్పారు.

ఇక చూడాలి గోల! ముందు సీటాయన ఎయిర్‌హోస్టెస్ మీద విరుచుకుపడ్డాడు. నేను అరవలేదు గానీ, మనసులో కెప్టెన్‌ని తిట్టని తిట్టు లేదు. గంట ప్రయాణానికి ఇంత హడావిడా అనుకున్నాను. రెండున్నర గంటలు కూర్చోబెట్టారు మరి!

తిరిగొచ్చాక, కోపైలట్‌గా చేస్తున్న మా ఎదురింటి అబ్బాయిని అడిగాను. "నేలమీద ఉండగానే వచ్చింది, నయం పిన్నిగారూ" అన్నాడు.

ఎర్ర అక్షరాలు కనిపిస్తే వెంటనే ఏదో ఒకటి చెయ్యాలి. ముదురు పసుపైతే అంత తొందర లేదు గానీ వదిలేయకూడదట. ముందు విమానం ఆపి, పార్కింగ్ బ్రేకు వేస్తారు. ఒకరు పట్టిక చదువుతుంటే ఇంకొకరు చేస్తారు. ఎంత అనుభవమున్నా చూసి చదవాల్సిందే. ఇరవయ్యేళ్ళుగా కాగితం చూడకుండా ఆవకాయ కలిపేదాన్ని, నాకిది విడ్డూరంగానే తోచింది. ఏ లోపముంటే బయల్దేరొచ్చో, ఏదుంటే కూడదో చెప్పే పుస్తకం వేరే ఉంది. ఒక్కోసారి ఇంజిన్ బాగానే ఉండి సెన్సారు చెడుతుంది. అయినా ఇంజనీరు చూసి సంతకం పెట్టందే కదలరు.

ఇంత పట్టుదల ఎందుకంటే, రన్‌వే మీద పరుగందుకున్నాక ఆలోచించే వ్యవధి ఉండదు. గంటకి సుమారు 150 కిలోమీటర్ల వేగం దాటాక మంటలు, ఇంజిన్ ఆగిపోవడంలాంటి పెద్ద ప్రమాదాలకే ఆపుతారు. చిన్న హెచ్చరికలైతే గాల్లోకి లేచేదాకా చాలా విమానాల్లో కనిపించనే కనిపించవట! ఇంకాస్త వేగం దాటితే, ఒక ఇంజిన్ ఆగినా రెండోదానితో పైకి లేవాల్సిందే. ఆపడానికి రన్‌వే చాలదు.

ఆ రోజు నేను ఆసుపత్రికి చేరేసరికి మనవరాలు పుట్టి గంటన్నర అయింది. "ముందు నాన్నమ్మే ఎత్తుకుంది" అంటూ వియ్యపురాలు నా చేతికిచ్చారు. ఆ మాట ఇప్పటికీ కాస్త గుచ్చుతుంది. పుణెలో దిగేటప్పుడు ఆ కెప్టెన్ తలుపు దగ్గరే నిలబడి నమస్కారం పెట్టారు. నేను మొహం తిప్పుకుని దిగిపోయాను.