తెలుపులో తేడా

గోదావరి తూర్పు డెల్టాలో, రాజమహేంద్రవరమునకు దక్షిణముగా, జాతీయ రహదారికి ఇరుప్రక్కల కనుచూపుమేర మొక్కలే పైరుగా సాగుచున్న కడియపులంకకు గత మార్గశిరమున నేను పోయినది విహారార్థము కాదు. మూడేండ్లుగా మా వసారా కిటికీలో పెరిగిన ఎచెవేరియా ఒకటి వాడిపోవుచుండగా, దాని ఆకులపైనున్న తెల్లని పూతను తెగులని తలచి నేను నిత్యము తడిగుడ్డతో తుడిచినకొలది అది మరింత నీరసించుటచే, దానిని అట్టపెట్టెలో పదిలపరచుకొని, ఎడారి మొక్కలను పెంచు ఒక నర్సరీకి వైద్యార్థము తీసికొనిపోతిని.

ఒండ్రునేల తేమతో నిత్యము చెమ్మగిల్లు ఆ సీమలో వానచుక్క తగులకుండ ప్లాస్టికు కప్పుక్రింద బల్లలమీద బారులు తీరియున్న బ్రహ్మజెముడు, కలబంద, ఎడారి గులాబి, జేడు మొక్కలను చూడగా, పరదేశపు బిడ్డలను సాకు ఇల్లువలె తోచినది. తోటపెద్ద నా మొక్క ఆకులను చూడకమునుపే కుండీ అంచున ప్రాకుచున్న చీమలబారును చూచెను.

“ఆకుమీదున్న బూడిద తెగులు కాదండి. అది దాని ఒంటి మైనం. ఎండ కాచేది అదేనండి, తుడవకూడదు.”

తుడిచిన ఆకుకు ఆ పూత మరల రాదనియు, క్రొత్తగా పుట్టు ఆకే దానిని తెచ్చుకొనుననియు విన్నప్పుడు నా మనసు చివుక్కుమనెను. పిమ్మట ఆయన క్రింది ఆకునొకదానిని మెల్లగా ప్రక్కకు వంచి, కాండమును అంటియున్న సందున దూదిపింజవంటి తెలుపును సూదిమొనతో చూపెను. అది పిండినల్లి. ఆకుపై సమముగా పరచుకొనిన తెలుపు ఆరోగ్యము. మూలలలో ముద్దలుగా దాగిన తెలుపు రోగము. పిండినల్లి విసర్జించు తియ్యని జిగురుకై చీమలు చేరి, దానిని కాపాడుచు ప్రక్క మొక్కలకు మోసుకొనిపోవును గనుక, చీమ కనబడినచోట నల్లిని వెదకుట ఆ తోటలో అలవాటు.

“ఆయ్, అసలు రోగం కిందుందండి” అనుచు ఆయన కుండీని బోర్లించెను. వేళ్ళపైనను, కుండీ లోపలి గోడలపైనను అదే దూది! పైనెంత మందు పూసినను ఈ వేరునల్లి ఉన్నంతకాలము మొక్క కోలుకొనదు. మట్టినంతయు దులిపి, వేళ్ళను కడిగి, చెడినవానిని కత్తిరించి, నాలుగైదు దినములు నీడను ఆరబెట్టి, ఇసుక, బొగ్గుముక్కలు కలిపిన క్రొత్త మట్టిలో నాటవలెను. ఆకుసందులకు 70 శాతపు ఐసోప్రొపైల్ స్పిరిటును దూదిపుల్లతో అద్దవలెను; గ్రుడ్లనుండి పిల్లలు మరల వచ్చును గనుక వారమునకొకసారి చొప్పున మూడు మారులు. కలబందకైనచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను సబ్బునీటితో కలిపి, సాయంకాలము, మొదట ఒక్క ఆకుపై పరీక్షించి చల్లుదురు. మైనపుపూత గల మొక్కలకు మాత్రము నూనె తగదు.

అంతలో బల్లమీది ఎడారి గులాబి నొకదానిని ఆయన బొటనవ్రేలితో నొక్కి, మెత్తబడినచోట కత్తి పెట్టెను. గోధుమవన్నె కుళ్ళు తొలగి, శుభ్రమైన తెల్లని కండ కనబడువరకు కోసి, కోతపై గంధకపు పొడి చల్లి, నీరు తగులనీయక ప్రక్కకు ఉంచెను. నీరు నిలుచుట దీనికి హేతువు. ఎంత విచిత్రము, ఇక్కడ తెలుపే కోరదగినది!

తోటచివరనున్న నాగజెముడు మట్టపై గల తెల్లని బుడిపెను ఆయన నలిపి చూపగా వ్రేలు కుంకుమవలె ఎర్రబడెను. ఇది పిండినల్లికి దాయాదియగు కొచినీలు పురుగు. దీని ఒక జాతిని 1795లో అసలైన రంగుపురుగని భ్రమించి బ్రెజిలునుండి మన దేశమునకు తెచ్చిరి. మరియొక జాతిని 1926లో సింహళమునుండి దక్షిణదేశమునకు తెచ్చి విడువగా, అది నాగజెముడు పొదలను తిని, అవి ఆక్రమించిన నేలలను విడిపించెను. మా కిటికీలో శత్రువైన కులము పొలముగట్టున కృషీవలునకు మిత్రమైనదని తెలిసి, ఆ ఎర్రని మరకను నేను చాలసేపు చూచుచుంటిని.

ఆయన నా మొక్కను పొడి కాగితములో చుట్టి, నెలదినములు ఇతర మొక్కలకు దూరముగా నుంచుమని చెప్పెను. పెట్టె అడుగున రాలిన మట్టిని నేను దారిప్రక్కను పారబోయబోగా, చేయిపట్టి ఆపి, ఆ మట్టిని, ఖాళీ పెట్టెను కూడ ఎండుటాకుల మంటలో వేయించెను.